సోమవారం రండమ్మా

"గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంటైనా పని చేశారా మామ్మగారూ?"

చేతిలో ట్యాబ్ పట్టుకుని అడిగింది సూర్యకళ. ఎవరికి పనుందో ఎవరికి లేదో రాసుకోవడానికి రాజమండ్రి నుంచి వచ్చింది.

ఏసమ్మ బోసినోటితో నవ్వింది. "గంటేంటమ్మా! నడుం వాలిస్తే ఒట్టు."

చూస్తే ఒంటిగది ఇల్లు. మనిషీ ఒంటరే. దూలానికి మాత్రం పాత చీరలు ఐదు వేలాడుతున్నాయి. ఆరేసుకుందేమో అనుకుంది సూర్యకళ.

"జీతం ఎవరిస్తారు?"

"భలేవారే! ఎవరి దగ్గరా ఎర్ర ఏగానీ పుచ్చుకోను."

"పోనీ, పని కోసం వెతుక్కుంటున్నారా?"

"ఉన్నది చాలదా ఏంటి?"

పెద్దావిడకి మతి కాస్త అటూ ఇటూగా ఉందనుకుని, 'పనిలో లేరు, వెతకడమూ లేదు' అని నొక్కేసింది సూర్యకళ.

"ఏం రాశారమ్మా?"

"పని లేదని."

ఏసమ్మ మొహం చిన్నబోయింది. గుమ్మం దాకా వెంట వచ్చింది.

"ఇవాళ ఆదివారం కదా, ఇల్లు ఇలా బావురుమంటోంది. రేపు సోమవారం రండమ్మా, చూసి రాద్దురుగాని."

సూర్యకళ తలూపింది. కానీ రాలేదు.

ఆదివారమైతేనే ఆ పేటలో ఆడవాళ్ళు దొరుకుతారు. మిగతా రోజుల్లో తెల్లారేసరికి రొయ్యల షెడ్డు బస్సెక్కేస్తారు. అందుకే ఆదివారం చూసుకుని వచ్చి, ఆ వీధిలో రూబీ అనే అమ్మాయితో సహా ఐదుగురిని 'పనిలో ఉన్నారు' అని రాసుకుని వెళ్ళిపోయింది.

నెల తిరిగాక మళ్ళీ అవే ఇళ్ళు చూడాలి. ఈసారి బుధవారం కుదిరింది. ఎవరున్నా లేకపోయినా ఏసమ్మ దొరక్కపోదనుకుంది.

ఏసమ్మ ఇంటికే తాళం ఉంది.

రూబీ మాత్రం చంటిపిల్లని చంకనేసుకుని అరుగు మీద కనబడింది.

"పనికెళ్ళలేదా?"

"మానేశానండి."

పక్కింట్లోనూ మానేశారు. ఎదురింట్లోనూ మానేశారు. ఐదిళ్ళలోనూ అదే మాట.

సూర్యకళ మళ్ళీ రూబీ దగ్గరికే వచ్చింది. "షెడ్డు గానీ మూసేశారా?"

"లేదండి. బస్సు రోజూ వచ్చి హారన్ కొట్టి మరీ పోతోంది."

"మరి వేరే పని వెతుక్కుంటున్నారా?"

"దీన్నెవరి చేతిలో పెట్టి వెతకమంటారండి?"

వెతకకపోతే నిరుద్యోగుల లెక్కలోకి కూడా రారు. ట్యాబ్ మీద సూర్యకళ వేలు ఆగిపోయింది.

"ఏసమ్మగారేరి?"

"పోయిందండి. మట్టిచేసి పది రోజులైంది."

పిల్ల ఏడుపందుకుంది. రూబీ దాన్ని లోపలికి తీసుకెళ్ళి, దూలానికి కట్టిన పాత చీరలో వేసి ఊపసాగింది.

నీలం పువ్వుల చీర. సూర్యకళ ఎక్కడో చూసిందే.

"ఇది ఆవిడ ఇంట్లోది కదూ?"

"అవునండి. తలొకటీ తెచ్చుకున్నాం."

రూబీ వెనక్కి తిరగలేదు. ఉయ్యాల ఊపుతూనే అంది.

"ఆ సోమవారం మేం బస్సెక్కాక, లెక్కలమ్మ వస్తుందని మా ఐదుగురి పిల్లలకీ నీళ్ళుపోసి, పౌడర్లు రాసి, ఒక్కో ఉయ్యాలా ఊపుకుంటా సాయంత్రం దాకా మీకోసమే చూసిందండి."