ఫరక్ గడియారం

"ఎంతున్నది మున్షీ సాబ్?" కింద నుంచి అడిగాడు కొండల్.

"పాంచ్," అన్నాడు మేడ కిటికీలోంచి అబ్దుల్ వాహెద్. "నిన్న ఎంతో ఇయ్యాల గంతే. కడుగు."

కొండల్ తల పట్టుకున్నాడు. ఇసుక పీపా కడిగి ఇంకా చేతులు ఆరలేదు.

యాకుత్‌పురాలో అజ్మత్ అలీ సేట్‌కు ఐసు కార్ఖానా ఉంది. చెరువు నీళ్ళు పెద్ద ఇనుప పీపాలోకి వచ్చి, అందులోని ఇసుకలో వడకట్టుకుని అచ్చుల్లోకి పోతాయి. బరఫ్ దిమ్మెలై బయటికొస్తాయి. ఆ పీపా కడగడం కొండల్, అతని భార్య కొమురమ్మల పని. పని ఉన్నన్నాళ్ళు కార్ఖానా వెనక గది వాళ్ళది.

ఎండాకాలం మొదట్లో సేట్ బొంబాయి నుంచి ఇంగ్లండు సీమ సరుకొకటి తెప్పించాడు. ఇత్తడి గేజీ. అద్దం వెనక ముల్లు, కింద రెండు గొట్టాలు. ఒక గొట్టం పీపాలోకి నీళ్ళు పోయే చోట, రెండోది బయటికి వచ్చే చోట బిగించాలి.

బిగించడానికి వచ్చిన బొంబాయి ఫిట్టర్ విడమరిచి చెప్పాడు. "రెండు పక్కల నీళ్ళ జోరులో ఫరక్, అంటే తేడా ఎంతో ఇది చూపిస్తుంది సేట్. ఇసుకకు బురద పట్టేకొద్దీ ఫరక్ పెరుగుతుంది, ముల్లు లేస్తుంది. ఒకటి దాటనివ్వొద్దు. దాటిందా, పీపా కడగాలి."

గేజీ పీపా పక్కనే ఉండాలన్నాడు ఫిట్టర్. అంత దూరం నుంచి తెప్పించింది బురదలో పెట్టడానికా అన్నాడు సేట్. పొడుగాటి గొట్టాలు లాగించి, మేడ మీద తన గదిలో, తన కుర్చీ వెనక గోడకు పెట్టించాడు. వచ్చినవాళ్ళకు అది సేట్ తల వెనక సూర్యుడిలా మెరిసేది. ఒక హకీం గారైతే దాన్ని చూసి తన జేబు గడియారం సరిచేసుకున్నాడు. కార్ఖానాలో దానికి ఫరక్ గడియారం అని పేరు పడింది.

వెనక్కి తిరిగి చూడటం సేట్ హోదాకు తక్కువ. బురద కాళ్ళతో కొండల్ గదిలోకి రాకూడదు. కాబట్టి ముల్లు చూసి చెప్పడం మున్షీ వాహెద్ సాబ్ వంతయింది. ఆయన ఉర్దూ దస్తూరీ ముత్యాల కోవ. యాకుత్‌పురాలో సగం పెళ్ళి పిలుపులు ఆయన రాసినవే.

మొదటి రోజు పొద్దున్నే ముల్లు చూసి ఆయన అదిరిపడ్డాడు. ఒకటి దాటొద్దన్నది అయిదు మీద ఉంది.

కడిగారు. అయిదే. ఇసుక మార్చారు. అయిదే. మూసీ నుంచి కొత్త ఇసుక తెచ్చి, కొమురమ్మ బియ్యం కడిగినట్టు కడిగి పోసింది. అయిదే. కొండల్ రెండు గొట్టాలూ విప్పి, నోటితో ఊది, మళ్ళీ బిగించాడు. అయిదే. బరఫ్ మాత్రం అద్దంలా వచ్చేది. దిమ్మె వెనక మనిషి నిలబడితే మీసాలు లెక్కపెట్టొచ్చు.

ఒకనాడు కొండల్ తలుపు సందులోంచి తొంగి చూశాడు. "మున్షీ సాబ్, ముల్లు లేసినట్టు లేదు గద. ఓ పక్కకొరిగి పన్నట్టున్నది."

"నీకు చదువొచ్చా?"

"రాదు సాబ్."

"మరి?"

బొంబాయి ఫిట్టర్‌ను మళ్ళీ పిలిపిద్దామంటే, అతన్ని యుద్ధం పనికి పట్టుకుపోయారన్నారు. సేట్‌కు ఓపిక చచ్చింది.

"అరే కొండల్, నువ్వు పీపా కడుగుతున్నవా, దానికి దండం పెట్టి వస్తున్నవా? శుక్రవారం జుమ్మా నాటికి ముల్లు దిగాలె. లేకుంటే గది ఖాలీ చేసి పో."

కొమురమ్మ చేతిలోని చీపురు విసిరికొట్టింది. "ఎట్లైనా ఎల్లగొడ్తడు. ఇగ ఆ పీపాకు తానం పోసుడేంది? దాని ఫికర్ల నా నెత్తికి నీళ్ళు పోసుకోక ఎన్నాళ్ళయిందో. నేను తలకు పోసుకుంట. నువ్వు పండు."

"మరి ముల్లు?"

"నీ మున్షీ సాబ్ కడుగుతడు తియ్యి."

కొండల్ పడుకున్నాడు. ఆ రాత్రే వాన పడి చెరువు ఎర్రబడింది. పీపాను ఎవరూ ముట్టుకోలేదు. కొమురమ్మ గిన్నెలు మూటగట్టి పెట్టుకుంది.

జుమ్మా పొద్దున మేడ కిటికీ తెరుచుకుంది. "కొండల్, ముల్లు దిగిందిరా. ఏక్ మీద నిలబడ్డది."

సేట్ తానే మెట్లు దిగి వచ్చాడు. "ఏం చేసినవ్ రా?"

కొండల్ భార్య వైపు చూశాడు. ఆమె మూటను కాలితో మంచం కిందికి తోసింది. "ఎన్నడు చెయ్యంది చేసినం సాబ్."

"శభాష్. ఇగ రోజూ గదే చెయ్యండి."

చేశారు. మనసు పెట్టి చేశారు.

రెండు రోజులకే ఉస్మాన్‌గంజ్‌లో షర్బత్ బండి నడిపే బాలనర్సింహ గోనె చుట్టిన దిమ్మె ఒకటి మోసుకొచ్చి సేట్ ముందు దించాడు. గోనె తీస్తే చాయ్ రంగు. దిమ్మె వెనక మీసాలు కాదు, బాలనర్సింహే కనపడలేదు.

"ఇది బరఫా సాబ్, పుట్టమన్నా? తాగెటోళ్ళు నన్ను తన్నేటట్టున్నరు."

సేట్ తల తిప్పకుండా బొటనవేలితో వెనక గోడను చూపించాడు. "గడియారం అంతా బాగున్నదంటుంది. నీ కండ్లే బాగలేవు. మున్షీ సాబ్, ఇతనికి సమజ్ చెయ్యండి."

వాహెద్ సాబ్ వంగి, గోనెలోంచి నేల మీద రాలిన రంపపు పొట్టులో వేలితో గుండ్రంగా చుట్టాడు. "మొన్నటిదాకా ముల్లు దీని మీద ఉండె. ఇదేంది?"

బాలనర్సింహ కూడా సర్కారు బడిలో ఉర్దూ చదివినవాడే. "పాంచ్," అన్నాడు.

పక్కనే నిలువుగా ఒక గీత గీశాడు మున్షీ. "ఇప్పుడు దీని మీద ఉన్నది."

"ఏక్."

"మరి లొల్లి ఏంది?"

బాలనర్సింహ దిమ్మె మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. కింద, పీపాకు వీపు ఆనించి కొండల్ గురక పెడుతున్నాడు.

ఇద్దరూ తప్పు లేకుండానే చదివారు, కాకపోతే ఆ సీమ గడియారం మీది అంకెలు ఉర్దూవి కావు, ఇంగ్లీషువి. ఒకటి రెండింటిలోనూ నిలువు గీతే. ఇంగ్లీషులో అట్లా గుండ్రంగా చుడితే సున్నా.