జేరుబందు కొలత

“ఇంకో మూడు చిల్లులు బిగించవయ్యా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

రాజా అనే పోలీసు గుర్రాన్ని సాకే బాలస్వామి వేళ్లు తోలుపట్టీ మీదే ఆగిపోయాయి. గుర్రం ముక్కుపట్టీ దగ్గర మొదలై, ముందుకాళ్ల నడుమ నుంచి పొట్టపట్టీకి చేరే ఆ పట్టీని జేరుబందు అంటారు. గుర్రం తల ఎగరెయ్యకుండా ఆపేది అదే. ఇప్పటికే ఒక చిల్లు బిగించాడు. ఇంకో మూడంటే రాజా తలను ఛాతీకి కట్టేసినట్టే.

“గింత పొట్టిగైతే మెడ సాగదు సాబ్. దుంకేటప్పుడు మెడ చాపకుంటే మోకాళ్ల మీద పడ్తది. పైనున్నోని పాణం గూడ పోతది.”

“తల ఎగరేస్తే మాత్రం పోదా? నిన్న ఏసోబు ముక్కు పగలడం చూశావుగా.”

రాజా మీద స్వారీ చేసే కానిస్టేబులు ఏసోబు పక్కనే పగిలిన ముక్కు పట్టుకుని మూలుగుతున్నాడు.

హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రతో కలిసి మూడేళ్లు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఈ కొత్త ఇన్‌స్పెక్టర్ పాలమూరు పోలీసు గుర్రాలకు పరీక్ష పెట్టాడు. నాలుగు కంచెలు దూకాలి. మూడో కంచె అవతల కందకం కూడా ఉంది. దూకలేని గుర్రం వేలంలోకి పోతుంది, ఆ తర్వాత టాంగాకో ఇటుకబట్టీకో.

రాజా మంచి గుర్రమే. వచ్చిన చిక్కల్లా ఆ తల ఎగరెయ్యడమే. గుంట వచ్చినా, గడప వచ్చినా, దారిలో బండ అడ్డం వచ్చినా ఆగి తల పైకి విసురుతుంది. రెండేళ్లుగా ఇదే వరస. విసిరినప్పుడల్లా బెల్లం పెట్టి చెడగొట్టావని పోలీసు లైన్లో అందరూ బాలస్వామిని తిట్టేవాళ్లే. కాదనడానికి అతనికి నోరు రాదు. “రాజా పోతే నీ నౌకరి ఒక్క దినం నిలువదు,” అని పొద్దున తనకు తలపాగా చుడుతూ భార్య బిక్షమ్మ అన్న మాటే చెవిలో తిరుగుతోంది. ఆమె ఉన్న మాటే అంది.

“అసలు కళ్లల్లోనే ఏదో లోపం ఉందని నా అనుమానం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “పశువుల డాక్టరు గారిని పిలిపించా.”

బాలస్వామి అడ్డుపడ్డాడు. “కండ్లు మంచిగనే ఉన్నయి సాబ్.”

“అది ఆయన చెబుతాడు.”

డాక్టరు వచ్చాడు. రాజా ముఖం ముందు రుమాలు అటూ ఇటూ ఆడించాడు. బాలస్వామి కళ్లెం పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

“కళ్లు శుభ్రంగా ఉన్నాయండీ,” అన్నాడు డాక్టరు చివరికి. బాలస్వామి వైపు తిరిగాడు. “ఎట్లా రెప్ప కొడుతోందో చూడు.”

బాలస్వామి తలూపాడు.

“నీకేంటయ్యా అంత వణుకు?”

“ఏం లేదు సార్. బిడ్డ లెక్క సాకిన.”

ఇన్‌స్పెక్టర్ తన మూడు చిల్లుల మాట మరిచిపోలేదు. బాలస్వామి చేసేది లేక బిగించి, “ముందుగాల ఒక్క కంచె దుంకించి చూడుండ్రి సాబ్,” అని బతిమాలాడు. ఏసోబు మొదటి కంచె వైపు దౌడు తీయించాడు. కంచె అడ్డకర్ర ఫెళ్లున కిందపడింది. రాజా మోకాళ్ల మీద కూలబడి లేచింది. ఏసోబు దాని మెడను కరుచుకుని బతికి బయటపడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ బాలస్వామి వైపు తిరిగాడు. “సరే, నీ కొలతేమిటో చెప్పు.”

బాలస్వామి జేరుబందును వదులు చేశాడు. పట్టీని చేత్తో పైకెత్తి రాజా గొంతు మడతకు ఆనించాడు. “గీడికి అందాలె సాబ్. ఇంతకన్న పొట్టి వద్దు, పొడుగు వద్దు. తల మీదికి లేవదు, మెడ ముందుకు సాగుతది.”

“తల ఎగరేసిందంటే వేలమే. ఇక నీ మాట వినను.”

ఏసోబు మళ్లీ ఎక్కాడు. “కళ్లెం గుంజకు తమ్మీ,” అన్నాడు బాలస్వామి. “తల సంగతి జేరుబందు చూసుకుంటది.”

రాజా కదిలింది. బాలస్వామి మైదానం అంచున ఉన్న గుంజకు ఆనుకుని తల వంచుకున్నాడు.

“తల ఎత్తి చూడవయ్యా,” అన్నాడు డాక్టరు.

“నాతోటి కాదు సార్.”

మొదటిది దాటింది. రెండోదీ దాటింది. మూడో కంచె ముందు గిట్టల చప్పుడు ఒక్క క్షణం తడబడింది. జేరుబందు పట్‌మని బిగుసుకుంది. తల విసరబోయింది, అంతే, అయిపోయింది అనుకున్నాడు బాలస్వామి. గిట్టల చప్పుడు ఆగింది. ఎంతసేపు ఆగిందో తెలియలేదు. ఆ తర్వాత కందకం అవతల నాలుగు కాళ్లూ ధన్‌మని నేలను తాకాయి. నాలుగో కంచె దాటేసరికి మైదానమంతా చప్పట్లు.

“నీ మాటే నెగ్గింది,” అంటూ ఇన్‌స్పెక్టర్ భుజం తట్టాడు. “రాజా నీ దగ్గరే ఉంటుంది పో.”

బాలస్వామి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కాస్త తేరుకున్నాక ముందుగా చేసిన పని, జేరుబందు పూర్తిగా విప్పి భుజాన వేసుకోవడం.

“అదేంటి, తీసేస్తున్నావు?”

“ఇంటికి పోతందుకు అక్కెర లేదు సాబ్.”

రాజా మెడ మీద చెయ్యి వేసి, దాని పక్కనే నడుస్తూ మైదానం దాటాడు. దారికి అడ్డంగా ఉన్న మురుగునీటి మోరీ దగ్గర రాజా ఆగి తల ఎగరేసింది. బాలస్వామి కూడా ఆగాడు. పెద్ద అంగ వేసి మోరీ దాటి, జేబులోని బెల్లం ముక్క దాని నోటికి అందించాడు.

బాలస్వామికి చూపు పోయి అప్పటికి రెండేళ్లు.