చివరి ఆరు అక్షరాలు

ఉరుకుందమ్మ సంతకం పెట్టబోతుంటే పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి కాగితం మీద పడింది.

తలెత్తి చూసింది. అరవై ఏండ్ల ఆడమనిషి. వెలిసిన చీర, చంకలో గుడ్డసంచి. ఆ కర్నూలు ఆస్పత్రి వరండాలో పొద్దుటినుంచి బెంచీ బెంచీకీ తిరుగుతూ, అందరి కాగితాలూ అడిగి చూస్తున్న మనిషి.

"చదివినావామ్మా?"

"చదివినా."

"ఆపరేషన్ పేరు రాసినారే, దానికి అర్థమేంది?"

"అది డాక్టర్లకు తెల్సు."

"కోసేది వాళ్లే. పెట్టే సంతకం నీది గదా."

ఉరుకుందమ్మకు ఒళ్లు మండింది. ఆమె భర్త హనుమన్న ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. ఆరు నెలలుగా గొంతు బొంగురుపోయింది. పరీక్షల్లో గడ్డ అని తేలింది. రేపే ఆపరేషన్. అతను కాగితం చూడకుండానే తన సంతకం పెట్టేశాడు. ఇంటివాళ్ల సంతకం మిగిలింది. ఇట్లాంటప్పుడు మధ్యలో ఈమె ఎవరు? వేరే ఆస్పత్రికి మనుషుల్ని లాక్కుపోయే బ్రోకరేమో. అట్లాంటివాళ్లు ఉంటారని వదిన ముందే చెప్పి పంపింది.

కాగితం పట్టుకొని గేటు దగ్గరికి పోయి వాచ్‌మన్ సుంకప్పకు చెప్పింది. ఆ ముసలామె మీద అప్పటికే రెండు ఫిర్యాదులున్నాయట. అతను పోయి ఆమెను రెక్క పట్టి నడిపించుకొచ్చాడు.

ఆమె ఎదురు చెప్పలేదు. గేటు దాటేముందు మాత్రం ఉరుకుందమ్మ దగ్గర ఆగింది. ఆపరేషన్ పేరు చివర, ఇంగ్లీషులో ఉన్న ఆరు అక్షరాల కింద గోరుతో గీత గీసింది.

"ఇది ఎక్టమీ. కోసి కుట్టే ఆపరేషన్ వేరే, లోపలికి దారి పెట్టేది వేరే. ఎక్టమీ అంటే తీసేసేది. తీసింది మళ్లీ రాదు. ఏం తీస్తారో అడుగమ్మా. అడిగినాంక పెట్టు."

ఉరుకుందమ్మ బెంచీ దగ్గరికి తిరిగొచ్చింది. గడ్డ తీస్తారు, ఇంకేం తీస్తారు అనుకుంది. పెన్ను మూత తీసింది. మళ్లీ పెట్టింది.

నర్సు వచ్చి కాగితం అడిగింది. డాక్టరుతో మాట్లాడి ఇస్తానంది ఉరుకుందమ్మ. ఆయన ఆపరేషన్లలో ఉన్నాడు, సాయంత్రం దాకా రాడంది నర్సు.

"సాయంత్రం దాకా కూచ్చుంటా."

కూర్చుంది. అన్నానికి కూడా లేవలేదు.

ఐదింటికి డాక్టర్ వచ్చాడు. బాగా అలిసిపోయి ఉన్నాడు. మొన్ననే అంతా చెప్పాను కదమ్మా అన్నాడు. చెప్పిన మాట నిజమే. అర్థం కాకపోయినా మొగుడూ పెళ్లాలు తలూపిన మాటా నిజమే.

"ఎక్టమీ అంటే తీసేసేది గదా సార్. ఏం తీస్తారు?"

డాక్టర్ ఆమె వైపు చూసి, కూర్చోమని కుర్చీ చూపించాడు. తెల్లకాగితం మీద గొంతు బొమ్మ గీశాడు. ఆ పేరులో ముందున్న లారింక్స్ అంటే స్వరపేటిక, మాట పుట్టేచోటు. గడ్డ దాన్నంతా పట్టుకుంది. రేడియేషన్ కరెంటు పెడితే తగ్గే దశ దాటింది. మొత్తం తీసేస్తేనే మనిషి దక్కుతాడు. మెడ కింద రంధ్రం పెడతారు, ఇకమీద ఊపిరి దాంట్లోంచే. సాధన చేస్తే ఏదో రకంగా మాట తెప్పించవచ్చు. అయితే అది ఈ గొంతు మాత్రం కాదు.

హనుమన్న గోడకు ఆనుకొని అంతా విన్నాడు. ముందుకొచ్చి అడిగాడు.

"నాలుగు దినాలు టైమిస్తారా సార్? మాట్లాడాల్సినోళ్లు ఉండారు."

డాక్టర్ కేలండర్ చూసి, సోమవారం దాటకూడదన్నాడు.

ఊరికి పోయి హనుమన్న ఆ బొంగురు గొంతుతోనే మాట్లాడాడు. పదేండ్లుగా మాటల్లేని తమ్ముడు కేశవ ఇంటికి తనే నడిచిపోయి, వాకిట్లో నిలబడి పిలిచాడు. ఎందుకు తగువు పడ్డారో ఇద్దరికీ సరిగా గుర్తులేదు. ఆదోని నుంచి కూతురు పవిత్రను రప్పించుకున్నాడు. మనవరాలికి కతలు చెప్పాడు. అది విన్న కతే మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

ఇరవై ఆరేండ్ల కాపురంలో 'ఏమే' అనడమే తప్ప పేరు పెట్టి పిలవని మనిషి, ఆదివారం పొద్దున నీళ్లు తోడుతున్న భార్యను "ఉరుకుందమ్మా" అన్నాడు.

ఆమె వినపడనట్టు ఉండి, ఇంకోసారి పిలిపించుకుంది.

సోమవారం సంతకం పెట్టింది.

నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చేసరికి హనుమన్న తేరుకున్నాడు. మెడకు తెల్లగుడ్డ, జేబులో చిన్న నోటుబుక్కు. అతన్ని లోపల కూర్చోబెట్టి, ఉరుకుందమ్మ వరండా అంతా ఆ కాగితాలు అడిగే ముసలామె కోసం వెతికింది.

సుంకప్పను అడిగితే, ఆరోజునుంచి ఆమెను లోపలికి రానీయలేదన్నాడు. అయినా ఆమె మానలేదట. గేటు బయట టీ బంకు పక్కన ఎండలో నిలబడి, వచ్చేపోయేవాళ్ల కాగితాలు అడుగుతూనే ఉండేదట. పది దినాలుగా రావడం లేదు.

ఆ ముసలామె సంగతి నర్సు దీవెనకు తెలుసు. ఇద్దరిదీ ఒకే చర్చి. పేరు జీవమ్మ. నందికొట్కూరు దగ్గర పల్లె, కూలిపని. చదువు లేదు. నర్సుల వెంటపడి ఆ ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టడం ఒక్కటే నేర్చుకుంది. పది దినాల కిందట గుండెనొప్పితో చనిపోయింది.

"బ్రోకరనుకున్నా. నేనే బయటికి పంపించినా," అంది ఉరుకుందమ్మ.

దీవెన మెల్లగా చెప్పింది. ఎనిమిదేండ్ల కిందట, ముప్పై ఏండ్లు చర్చిలో పాటలు పాడిన ఏసురాజు స్వరపేటిక తీసేయడానికి, ఏం తీస్తారో అడక్కుండా వేలిముద్ర వేసింది ఆయన భార్య జీవమ్మే.