సగం గూడు

ఈతచెట్టు మీద ఒక గిజిగాడు పెళ్లి కోసం గూడు అల్లుకుంటున్నాడు. వానాకాలం పోయేలోగా పిల్లను చూసిపెడతానని కాకి మాటిచ్చి, రుసుముగా గడ్డిపోచలు అడిగింది. పెళ్లి తొందరలో ఉన్నవాడు ముందూ వెనకా చూస్తాడా? గూటికని దాచుకున్నవన్నీ ఇచ్చేశాడు.

వానలు తగ్గుముఖం పట్టాయి. సంబంధం మాత్రం కుదరలేదు. గిజిగాడు కాకి గూటికి వెళ్లాడు.

"కాకి మామా, నా గడ్డి నాకిచ్చెయ్యి."

కాకి మెత్తమెత్తగా సర్దుకుని కూర్చుంది. "ముగ్గురు పెళ్లికూతుళ్లను పంపానా లేదా? సగం గూడు చూసి ఎవరు ఆగుతారు నాయనా? తప్పు నీదే. ముందు గూడు పూర్తిచేసుకో."

గిజిగాడు వంగి కాకి కిందికి చూశాడు.

"అలాగే మామా. మిగతా సగం మీద నువ్వే కూర్చున్నావు. కాస్త లే."