కాశమ్మ గోడ

ముసలివాళ్ళ ఇళ్ళకు ఊరికే మరమ్మతులు చేసిపెట్టే చేదోడు సంఘంలో భూషణం ప్రతి ఆదివారం తాపీ పట్టేవాడు. మానుడు సున్నం వచ్చాక అతని పని తేలికైపోయింది. ఒక్కసారి పూస్తే చాలు, పగులు వచ్చినా గీత పడినా గోడ పావుగంటలో దానంతటదే మానిపోతుంది. మేకు కొడితే మేకునే బయటికి నెట్టేస్తుంది. తెనాలిలో ఆ సున్నం ఎరగని ఇల్లు కాశమ్మదొక్కటే మిగిలిందని, పోయిన వారం తనే వెళ్ళి గోడలన్నీ అద్దంలా చేసి వచ్చాడు.

ఈ వారం చూసిపోదామని వెళితే, చూపులేని ఆ ముసలామె గోడ తడుముకుంటూ నడిమింట్లో నిలబడి ఉంది.

"ఎటు పోవాలి మామ్మా?"

"స్నానాల గదికి నాయనా. మంచం కాడి నుంచి పెద్ద పగులు పట్టుకుని పోయేదాన్ని. అది అయిపోయినకాడ సొట్ట, సొట్ట పక్కనే తలుపు. ఇప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టినా ఒకేలాగుంది."

భూషణం పూడ్చే తొందరలో ఆమెను ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు. తాపీ మొనతో మంచం నుంచి తలుపుదాకా లోతుగా గీత గీశాడు. కాశమ్మ దాని వెంట వేలు జరుపుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆమె స్నానం చేసి వచ్చేసరికి గీత మానిపోయింది.

"గోడ మాత్రం ఎంత నున్నగా చేశావయ్యా!" అంది కాశమ్మ అతన్ని నొప్పించలేక, గుమ్మంలోనే నిలబడి గోడంతా తడుముతూ.