మామగారి గుల్ల పొడి

“సంతకం పెట్టందే ఈ గది దాటనివ్వను అల్లుడూ!” అంటూ మామగారు స్కానింగ్ గది తలుపుకు కుర్చీ అడ్డం వేసుకుని కూర్చున్నారు.

మట్టి పరీక్షల ల్యాబ్‌లో అల్లుడిది స్కానింగ్ పని. ఆసుపత్రిలో మనుషులకు తీసే సీటీ స్కాన్‌లాంటిదే. కాకపోతే ఇక్కడ మెషిన్లోకి వెళ్ళేది పేషెంటు కాదు, పొలంలో ఉన్నది ఉన్నట్టు గొట్టంతో తవ్వి తెచ్చిన మట్టి. లోపల గాలీ నీరూ ఆడే సందులు ఎన్నున్నాయో, ఎంత లోతుకు వెళ్ళాయో త్రీడీ బొమ్మలో చూపిస్తుంది. మామగారేమో, చల్లితే చాలు ఎంత గట్టి నేలైనా గుల్లబారుతుందంటూ ఒక పొడి కనిపెట్టారు. అందులో ఏం కలిపారో ఆయనకూ, అత్తగారి మిక్సీకీ తప్ప ఎవరికీ తెలియదు.

“దొంగ రిపోర్టు ఇస్తే నా ఉద్యోగం ఊడుతుంది మామయ్యా.”

“ఇవ్వకపోతే నా పరువు పోతుంది. రేపే మార్కెట్లోకి వదులుతున్నానని ఊరంతా చెప్పుకున్నాను. నాలుగు సందులు పెంచి చూపిస్తే నీ సొమ్మేం పోయింది?”

అల్లుడికి ఒళ్ళు మండింది. పొడి చల్లకముందు తీసిన స్కాన్ తెరిచాడు. మట్టి మామగారి బుర్రలా గట్టిగా ఉంది. ఎక్కడో వెతికితే ఒకటీ అరా సందు కనిపించింది.

ఇంతలో రెండో స్కాన్ పూర్తయింది. అదే గొట్టం, పొడి చల్లాక తీసింది. చూస్తూనే మామగారు కుర్చీ వదిలి లేచారు. తెర నిండా, పైనుంచి కిందిదాకా సొరంగాలే సొరంగాలు!

“ఇవన్నీ... నా పొడి వల్లేనా?”

అల్లుడు బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. పైనుంచి అడుగుదాకా ఒకసారి చూసుకున్నాడు.

“అక్షరాలా మీ పొడి వల్లే,” అని, అదే ముక్క రిపోర్టులో రాసి సంతకం గీకేశాడు.

మామగారి కాళ్ళు నేల మీద ఆనలేదు. అక్కడికక్కడే ప్రెస్సుకు ఫోన్ చేశారు. “ప్యాకెట్ మీద నా ఫొటో తీసెయ్ బాబూ. ఒక బొమ్మ పంపిస్తున్నాను, అదే పెద్దగా వెయ్యి. వెంటనే మొదలుపెట్టు!”

ఫోన్ పెట్టేసి అల్లుడి భుజం తట్టారు. “ఇదెలా జరిగిందో కూడా ఒక్క ముక్కలో చెప్పు నాయనా. రేపు ఎవరైనా అడిగితే బిక్కమొహం వెయ్యకూడదు కదా.”

అల్లుడు బొమ్మను గొట్టం అడుక్కి దించాడు. అక్కడ ఏవో ఒకదాన్నొకటి చుట్టుకుని ముద్దగా పడి ఉన్నాయి.

“మీ పొడి పడగానే వానపాములన్నీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయిన దారులు మామయ్యా అవి!”