అంత లావు పుస్తకంలో

చివరి పేజీ కూడా తిప్పేసింది శోభన. అన్న లేడు.

హోసూరులో ఒకే అద్దె గదిలో బతికిన కుర్ర కవుల కథ అది. అట్ట మీద ఆ కవుల్లో ఒకడైన పరశురామ్ పేరు. శోభన అన్న లోకనాథ్ కూడా ఆ గదిలోనే ఉండేవాడు. పోయినేడు కామెర్లతో పోయాడు. ఆయన సామానంతా గదిలోనే ఉండిపోయింది, ఇంటికి చేరింది శవమొక్కటే. అందుకే శోభన ఆ పుస్తకం మీద ప్రాణం పెట్టుకుంది. అన్న నవ్వో, మాటో ఎక్కడో ఒకచోట దొరకకపోదని, పట్టుపురుగులకు ఆకు వేసే మధ్యలో కళ్లు లాగుతున్నా చదివింది. కవులు తాగారు, ప్రేమించారు, అలిగారు, మళ్లీ తాగారు. ఎంతకీ తెమలరు. టీకొట్టు కుక్కకు కూడా చోటుంది, అన్నకు లేదు.

శోభనకు కడుపు మండిపోయింది. పుస్తకాన్ని చించి పురుగుల తట్టల్లో పరిచేసింది. ఎప్పుడూ పాత పేపర్లు పరిచేది, ఈసారి కవులను పరిచింది.

ఆదివారం పరశురామ్ కెలమంగలంలో శోభన ఇంటికి వచ్చాడు. పురుగుల షెడ్డు బయట చెప్పులు విడిచి లోపలికి తొంగిచూశాడు.

“చదివినావా శోభనమ్మా?”

“చదివినా అన్నా. ఏం బాగలేదు.”

అతని మొహం వాడిపోయింది. “ఏంటికమ్మా?”

“అంతమంది ఏడస్తా ఉంటే నాకు ఒక్కరి మీదా జాలి రాలే. అది పోనీ. మా అన్న యాడ? మీకందరికీ వండి పెట్టింది ఆయనే కదా? కుక్క సంగతి అంత ఉందే, ఆయన సంగతి ఒక్క ముక్క లేదే?”

పరశురామ్ తల దించుకున్నాడు. అప్పుడు కనిపించాయి, పురుగుల కింద తడిసిన అక్షరాలు.

“ఇదేంది?”

“నీ పుస్తకమే.”

గబుక్కున వంగి ఒక కాగితం లాగబోయాడు. శోభన చెయ్యి అడ్డం పెట్టింది.

“వదులన్నా, పురుగులు చస్తాయి. కాగితాలకే ఇంత అల్లాడిపోతా ఉండావే, మా అన్నను వదిలేసేదానికి నీకు మనసెట్లా వచ్చింది?”

పరశురామ్ అక్కడే నేల మీద కూలబడ్డాడు.

“రాసింది నేను కాదమ్మా, మీ అన్న.”